శంషాబాద్‌లో దిగితే ఇంటికొచ్చినట్టు కాదు

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గాలిలో దాదాపు 2,550 కిలోమీటర్లు. మస్కట్ ఇంకా దగ్గర, 2,200. దమ్మామ్ 3,100. రియాద్, కువైట్ రెండూ ఇంచుమించు 3,400. కరీంనగర్‌లో విమాన టికెట్లు బుక్ చేసే దుకాణం పెట్టిన కొత్తలో ఈ అంకెలన్నీ నాకు నోటికి వచ్చేవి. ఎవరైనా మెట్లెక్కి వచ్చి ‘అన్నా, సౌదీకెళ్లి మనోడు ఎన్ని గంటల్ల వస్తడు’ అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ని. రియాద్ అయితే ఐదు గంటలు, దుబాయ్ అయితే మూడున్నర. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ దాన్ని నమ్ముకుని ఒక ఇంట్లో తల్లి శవాన్ని ఆపి ఉంచారు. ఎదురుచూసిన కొడుకు అందలేదు. ఆ తప్పు నాది.

ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కారణం ఉంది. మా వైపు పల్లెల్లో ఇప్పటికీ చావు కబురు తెలియగానే ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడతారు. మధ్య దూరం, పట్టే సమయం తెర మీద కనబడతాయి. ‘రేపు పొద్దుగాల్లకల్లా వచ్చేస్తడు’ అని వాకిట్లో అందరికీ వినబడేలా చెబుతారు. అంతే, ఆ మాట మీద ఊరంతా ఆగిపోతుంది. ఫోన్ చూపించింది ఒక రన్‌వే నుంచి మరో రన్‌వేకి పట్టే సమయం. రావాల్సిన కొడుకు అటు ఎడారిలో తాను కాసే గొర్రెల మంద దగ్గర నుంచి బయలుదేరాలి, ఇటు ఇంటి కడప దాటాలి. ఆ రెండు చివరల దూరం ఏ తెర మీదా ఉండదు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు గల్ఫ్ కొత్త కాదు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి ఎడారి దేశాల్లో భవనాలు, రోడ్లు లేవడం మొదలైన నాటి నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ధర్మపురి, సిరిసిల్ల వైపు నుంచి, గోదావరికి అవతల నిర్మల్, ఖానాపూర్ వైపు నుంచి మగవాళ్లు పోతూనే ఉన్నారు. ఏ దేశం పోయినా మా దగ్గర ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. ఆ రోజుల్లో దుబాయ్ పోవడమంటే ముందు బొంబాయి పోవడం. బస్సెక్కి పోయి, భీవండిలో ఉన్న మనవాళ్ల గదిలో దిగి, ఏజెంటు పిలిచే రోజు కోసం కాచుకుని విమానం ఎక్కేవాళ్లు. ఇంట్లో ఎవరైనా పోతే ఉత్తరం అక్కడికి చేరేసరికి ఇక్కడ దినాలు కూడా అయిపోయేవి. ఆ తరం వాళ్లు దూరదేశంలో ఉన్న కొడుకు కోసం శవాన్ని ఆపలేదు. రాడని తెలుసు కాబట్టి ఆ బాధను అక్కడికక్కడే మింగేవాళ్లు.

ఆశ పడే వీలు దొరికింది మా తరానికే. చేతిలో ఫోన్ వచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలై, గల్ఫ్‌కు నేరుగా పోయే విమానాలు పెరిగాయి. మండల కేంద్రాల్లో ఫ్రీజర్ పెట్టె అద్దెకు దొరుకుతోంది. ఈ మూడూ ఉంటే చాలు, కొడుకు వచ్చేదాకా తల్లిని ఉంచవచ్చు అన్న నమ్మకం ఊళ్లలో పుట్టింది. ఆ నమ్మకానికి ఒక గంట, ఒక పూట చెప్పే పని నాలాంటి టికెట్ దుకాణాల వాళ్ల మీద పడింది. అది ఎంత బరువైన పనో నాకు అప్పుడు తెలియదు.

నా మొదటి తప్పులు లెక్కలోవి. టికెట్ మీద బయలుదేరే సమయం అక్కడి గడియారం ప్రకారం, దిగే సమయం ఇక్కడి గడియారం ప్రకారం రాస్తారు. దుబాయ్‌లో రాత్రి 10కి కదిలి హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3కి దిగే విమానాన్ని చూసి ఐదు గంటల ప్రయాణం అనుకుంటాం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది కాబట్టి అసలు ప్రయాణం మూడున్నర గంటలే. అదే హైదరాబాద్‌లో రాత్రి 10కి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకు దిగినట్టు కనబడుతుంది. రెండున్నర గంటల్లా కనిపించేది నిజానికి నాలుగు గంటలు. ఒమన్‌దీ దుబాయ్ సమయమే. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు వెనక. పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నర ఏమిటని చాలామంది అడుగుతారు. విమానం ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. ఇంటికి వచ్చేవాణ్ని ఆ గాలి వెనక నుంచి తోస్తుంది, పోయేవాడికి ఎదురు తగులుతుంది.

దూరాన్ని వేగంతో భాగించి సమయం చెప్పడం కూడా నేను చేసిన పనే. 2,550ని గంటకు 850 చొప్పున భాగిస్తే సరిగ్గా మూడు గంటలు వస్తుంది. నిలిపిన చోటు నుంచి రన్‌వే దాకా విమానం నడవాలి, వరుసలో ఆగాలి, ఎక్కాలి, దిగాలి. అందుకే టికెట్‌లో అరగంటో గంటో ఎక్కువ ఉంటుంది. పైగా టికెట్ మీద ఉన్నది విమానం కదిలే సమయం. దానికి మూడు గంటల ముందే రమ్మంటారు. గంట ముందు కౌంటర్ మూసేస్తే, అద్దం అవతల విమానం కనబడుతున్నా ఎక్కనివ్వరు.

తారీఖు తప్పు ఇంకొకటి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి, అపరాత్రి వేళ ఉంటాయి. మెట్‌పల్లి వైపు మనిషి ఒకాయనకు మస్కట్ టికెట్ 15వ తారీఖు రాత్రి 12.40కి బుక్ చేశాను. ‘పదిహేను రాత్రి’ అనే చెప్పాను. ఆయన పదిహేనో తారీఖు సాయంత్రం చుట్టాలతో సహా శంషాబాద్ చేరాడు. ఆ విమానం ఆ రోజు మొదలైన నలభై నిమిషాలకే, అంటే మన మాటల్లో పద్నాలుగో తారీఖు రాత్రి, వెళ్లిపోయింది. టికెట్ డబ్బు నేను కట్టి మళ్లీ పంపాను. అప్పటి నుంచి టికెట్‌తో పాటు ఒక చీటీ మీద ‘ఫలానా తారీఖు, ఫలానా వారం, రాత్రి తొమ్మిదింటికి ఎయిర్‌పోర్టులో ఉండాలి’ అని తెలుగులో రాసి ఇస్తున్నాను. డబ్బుతో సరిదిద్దుకోగలిగిన తప్పు కాబట్టి దాని సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

డబ్బుతో సరిదిద్దలేనిది కరోనాకు ముందు ఒక ఎండాకాలంలో జరిగింది.

జన్నారం దాటి అడవి వైపు లోపలికి ఉండే పల్లె. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 అక్టోబరు తర్వాత మంచిర్యాల జిల్లా. ఆ ఇంటి చిన్న కొడుకు సౌదీలో హఫర్ అల్ బాతిన్ అవతల ఎడారిలో గొర్రెలు కాసేవాడు. అతనికి టికెట్ ఇచ్చి పంపింది నేనే. ఒక సాయంత్రం అతని అన్న ఫోన్ చేశాడు.

‘అన్నా, అవ్వ పోయింది. తమ్ముడు రావాలె. తల్లికి చిన్న కొడుకే గదా కొరివి పెట్టాలె. పైసలు ఎంతైనా సరే, మొదటి విమానం చూడు.’

ఆ రాత్రికి దమ్మామ్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా సీటు లేదు. దమ్మామ్ నుంచి ముంబైకి తెల్లవారుజామున ఒకటి దొరికింది. అది తొమ్మిదింటికి ముంబైలో దిగుతుంది. పదకొండున్నరకు ముంబై నుంచి హైదరాబాద్‌కు వేరే కంపెనీ విమానం ఉంది. రెండు వేరు వేరు టికెట్లు తీశాను. కాగితం మీద లెక్క వేశాను. ఒంటి గంటకు శంషాబాద్, అక్కడి నుంచి కారులో నాలుగు గంటలు, ఐదింటికి ఇల్లు. ‘రేపు పొద్దు గూకకముందే ఇంట్ల ఉంటడు, నువ్వు రంది పడకు’ అని అన్నకు చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నాకు తృప్తిగా కూడా అనిపించింది. కష్టంలో ఉన్నవాళ్లకు పని చేసిపెట్టానని.

నేను అడగని మొదటి ప్రశ్న: నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? నా దగ్గర దాని ఫొటో ఉంది, టికెట్ తీయడానికి అది చాలు. అసలు పుస్తకం కఫీల్ దగ్గర, అంటే అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర ఉంది. సౌదీలో పని చేసేవాడు సెలవు మీద దేశం దాటి మళ్లీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. దాన్ని కఫీల్ పెట్టాలి. ఆ కఫీల్ మంచివాడే. కబురు వినగానే సరేనన్నాడు. కానీ అతను ఉన్నది వేరే ఊరు. ఆన్‌లైన్‌లో వీసా పెట్టి, పాస్‌పోర్టు తీసుకుని మంద దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడి నుంచి దమ్మామ్‌కు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఎడారి రోడ్డు. నేను తీసిన విమానం ఆకాశంలోకి లేచే సమయానికి అతను ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నాడు.

అంటే నేను ఊళ్లో వాళ్లకు సమయం చెబుతున్నప్పుడే అది జరగని పని. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రే తెలిసేది.

మరుసటి రోజు మళ్లీ వెతికాను. ఈసారి కూడా ముంబై మీదుగానే దొరికింది, మళ్లీ వేరు వేరు టికెట్లే, మధ్యలో మళ్లీ రెండున్నర గంటలు. మళ్లీ ఒక సమయం చెప్పాను. ఊళ్లో ఫ్రీజర్ పెట్టెకు ఇంకో రోజు అద్దె కట్టారు. ఎండలు మండుతున్నాయి, కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్లు పెట్టె చుట్టూ చేరి భయపడుతున్నారని అన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ ఊళ్లో శవం లేవకుండా పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు తెచ్చి పెట్టిన బువ్వ పిల్లలకు మాత్రం తినిపించారట.

ముంబైలో విదేశం నుంచి వచ్చినవాడు సహార్‌లోని రెండో టెర్మినల్‌లో దిగుతాడు. ఒకే టికెట్ కాదు కాబట్టి సామాను నేరుగా హైదరాబాద్ రాదు. ఇమిగ్రేషన్ వరుస దాటి, బెల్ట్ మీద పెట్టె కోసం నిలబడి, కస్టమ్స్ దాటి బయటికి రావాలి. అతని రెండో విమానం శాంతాక్రూజ్‌లోని మొదటి టెర్మినల్ నుంచి. రెంటికీ మధ్య రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు, ముంబై ట్రాఫిక్. ఆ రెండూ ఒకే ఎయిర్‌పోర్టు అని నేను అనుకున్నాను. కాగితం మీద రెంటికీ ఉన్నది ఒకే పేరు. చదువు రాని మనిషి, రెండు రాత్రులు నిద్ర లేని మనిషి, హిందీలో అడుగుతూ ఆ కౌంటర్ దగ్గరికి చేరేసరికి మూసేశారు. తర్వాతి విమానం సాయంత్రం.

అతను ముంబైలో నేల మీద కూర్చుని అన్నకు ఫోన్ చేశాడు. ఊరి పెద్దలు ఇక ఆపలేమన్నారు. అన్నే కొరివి పెట్టాడు. తమ్ముడు వీడియో కాల్‌లో చూశాడు.

ఆ రాత్రి శంషాబాద్‌లో దిగాక కూడా నా లెక్క తప్పే అయింది. నాలుగు గంటల్లో ఇల్లు చేరతాడన్నాను. శంషాబాద్ నుంచి ఔటర్ మీద శామీర్‌పేట దాకా రావాలి. అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్. ఆపై జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం బ్రిడ్జి మీద గోదావరి దాటి లక్షెట్టిపేట, జన్నారం. మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. నాలుగు గంటలన్నది కరీంనగర్ దాకా పట్టే సమయం. నేనుండేది కరీంనగర్ కాబట్టి నా లెక్క అక్కడే ఆగిపోయింది. అతను ఇల్లు చేరేసరికి తెల్లవారుతోంది. ఎముకలు ఏరడానికి మాత్రం అందాడు.

కొన్నాళ్లకు అతను తిరిగి పోయే టికెట్ కోసం నా దుకాణానికే వచ్చాడు. నా ముఖం చూసి కోపం చేయలేదు. ఒక్క మాట అన్నాడు. ‘అన్నా, అందనని ఆ రాత్రే చెప్తే నేను అక్కడ్నే ఏడ్సుకుందును. అవ్వను అన్ని దినాలు పెట్టెల పెట్టకపోదురు.’ ఆ ఇంటి పెద్దాయన, అతని మేనమామ, పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా అదే అర్థం వచ్చేలా అన్నాడు: నువ్వు వస్తడని చెప్పినవు గాబట్టే ఆపినం.

అందరూ నన్ను క్షమించారు. నేను ఆ రోజు మొత్తం ఏ టికెట్టూ తీయలేకపోయాను.

ఆ తర్వాత నా పని తీరు మారింది. చావు కబురుతో ఎవరైనా ఫోన్ చేస్తే కంప్యూటర్ ముట్టుకునే ముందు గల్ఫ్‌లో ఉన్న మనిషితోనే మాట్లాడతాను. పాస్‌పోర్టు నీ చేతిలో ఉందా, అకామాకు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డుకు, ఇంకా గడువు ఉందా, ఎగ్జిట్ వీసా ఎవరు పెట్టాలి, ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నాడా, నువ్వున్న చోటు నుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరం, ఆ రాత్రి బండి ఎవరిస్తారు. ఈరోజు శుక్రవారమా అని కూడా అడుగుతాను, సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. జవాబులు వచ్చాకే సీటు చూస్తాను. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం చట్టం మార్చి, చాలామంది కార్మికులు యజమాని అనుమతి లేకుండానే ఎగ్జిట్ రీఎంట్రీ పెట్టుకునే వీలు ఇచ్చింది. కానీ ఇంటి పనివాళ్లను, ఇంటి డ్రైవర్లను, వ్యవసాయ కూలీలను, గొర్రెల కాపరులను దాంట్లోంచి మినహాయించింది. మా జిల్లాల నుంచి పోయేవాళ్లలో సరిగ్గా ఆ పనుల్లో ఉన్నవాళ్లు ఎంతోమంది. కంపెనీ క్యాంపులో ఉన్న కొడుకు, ఎడారిలో మంద దగ్గర ఉన్న కొడుకు ఇద్దరూ టికెట్ మీద ఒకే దూరంలో ఉంటారు. తల్లి దగ్గరికి వచ్చే దారి మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. ఈ అన్యాయం గురించి గల్ఫ్ సంఘాలు మాట్లాడుతున్నంతగా మన నాయకులు మాట్లాడటం లేదు, మాట్లాడాలి.

రెండు వేరు టికెట్లతో ముంబై మీదుగా పంపడం చావు పనికి పూర్తిగా మానేశాను. మధ్యలో ఆగాల్సి వస్తే ఒకే టికెట్ మీద తీస్తాను. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతిది ఎక్కించే బాధ్యత అప్పుడు కంపెనీది. ధర ఎక్కువైనా, ఒక పూట ఆలస్యమైనా నేరుగా హైదరాబాద్ వచ్చే విమానమే మేలని చెబుతాను.

ఇంకో సంగతి ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక మనిషి నాకు నేర్పాడు. పెన్‌గంగ ఒడ్డు పల్లె ఆయనది. ‘సారూ, మీరెందుకు అందర్నీ శంషాబాద్ రమ్మంటరు? మాకు నాగ్‌పూర్ దగ్గర గదా’ అన్నాడు. మ్యాపు తీసి చూశాను. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. నాగ్‌పూర్ రెండు వందల లోపే. అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి తిరిగితే పాండర్‌కవడా, హింగన్‌ఘాట్, బుటిబోరి. నాగ్‌పూర్ విమానాశ్రయం ఊరికి మనవైపే, వార్ధా రోడ్డు పక్కనే ఉంది. ఊళ్లోకి పోకుండానే ఎయిర్‌పోర్టు వచ్చేస్తుంది. అక్కడి నుంచి షార్జాకు, దోహాకు విమానాలు నడిచాయి. మన శంషాబాద్ దీనికి తలకిందులు. పాత విమానాశ్రయం బేగంపేటలో ఉన్నప్పుడు ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకు అది ఊళ్లోనే ఉండేది. శంషాబాద్‌కు మారాక హైదరాబాద్‌ను చుట్టి దక్షిణపు చివరకు పోవాల్సి వస్తోంది. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు 2008లో విదేశం దగ్గరైంది, విమానాశ్రయం దూరమైంది.

దుకాణంలో హైదరాబాద్ తప్ప వేరే పేరు కొట్టని అలవాటు నాది. ఆ అలవాటు వల్ల ఆదిలాబాద్, జైనథ్, బేల వైపు ఎంతమందిని వంద కిలోమీటర్లు ఎక్కువ తిప్పానో. నాగ్‌పూర్ అన్నిసార్లూ మేలని కూడా చెప్పను. సౌదీ నుంచి వస్తే షార్జాలోనో దోహాలోనో ఆగాలి, ఆ ఆగడంలో రోడ్డు మీద మిగిలిన సమయమంతా పోవచ్చు. దుబాయ్, షార్జా వైపు నుంచి వచ్చే ఆదిలాబాద్ మనిషికి మాత్రం ముందు నాగ్‌పూర్ చూడాలి, తర్వాతే శంషాబాద్. నిర్మల్ వాళ్లకు తిరగబడుతుంది, వాళ్లకు హైదరాబాదే మంచిది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ విమానాలు దిగుతాయన్న మాట ఎన్నికలప్పుడల్లా వింటూనే పెరిగాం. దిగిన రోజు ఈ లెక్కలన్నీ మారతాయి, సంతోషంగా మళ్లీ నేర్చుకుంటాను.

శవమే అటు నుంచి రావాల్సి వచ్చినప్పుడు ఈ దూరం ఇంకా భయంకరంగా సాగుతుంది. విమానం అదే, గంటలు అవే. కానీ అక్కడి ఆసుపత్రి మరణ పత్రం, పోలీసుల కాగితం, మన ఎంబసీ ఇచ్చే ఎన్‌ఓసీ, శవం చెడకుండా మందు ఎక్కించే పని, కార్గోలో చోటు, ఇవన్నీ అయ్యేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు, నెలలు. ‘పెట్టె ఎప్పుడొస్తది’ అని అడిగితే నేను ఇప్పుడు సమయం చెప్పను. ఏ కాగితం అయింది, ఏది మిగిలింది అన్నది మాత్రం చెబుతాను. శంషాబాద్ నుంచి ఊరికి తీసుకుపోవడానికి ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. టాక్సీలకు అప్పు చేస్తారు. అది తెలియజెప్పడం కూడా నా పనే అనుకుంటున్నాను.

ఈ మధ్య ఇదే ప్రశ్న అమెరికా కొడుకుల ఇళ్ల నుంచి వస్తోంది. హైదరాబాద్‌కు షికాగో 13,000 కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి వచ్చే విమానం ఉత్తరానికి ఎందుకు పోతుందని ఒక తల్లి అడిగితే పిల్లల గ్లోబు మీద దారం పట్టి చూపించాను. గోడ మీది మ్యాపులో అడ్డంగా కనిపించే దారి గ్లోబు మీద చుట్టుదారి అవుతుంది, ధ్రువం వైపుగా పోయేదే దగ్గర. మధ్యలో ఒకచోట ఆగి వచ్చేసరికి దాదాపు ఒక రోజు. దానికి ముందు మళ్లీ అదే ప్రశ్న: కాగితాలు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు కాలం తీరిన కొడుకు వస్తే కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరిగి పోలేడు. అక్కడ భార్యాపిల్లలు, ఉద్యోగం. గొర్రెల కాపరికి కఫీల్ ఎలాగో, ఇంజినీరుకు ఆ స్టాంపు అలాగ. జీతాల్లో ఎంత తేడా ఉన్నా తల్లి చావు దగ్గర ఇద్దరూ ఒకే చోట నిలబడతారు.

టికెట్ల పని చేసే నాలాంటి వాళ్లకు, ఊళ్లలో ఫోన్ చూసి సమయం చెప్పే చదువుకున్న పిల్లలకు నా మనవి ఇది. కొడుకు పాస్‌పోర్టు అతని చేతిలోకి వచ్చిందా అన్నది మొదట అడగండి, దూరం తర్వాత చూద్దురు. మరుసటి పొద్దు గూకేలోపు అందడని తేలితే ఆ రాత్రే ఇంట్లోనూ చెప్పండి, ఆ కొడుక్కూ చెప్పండి. ఎంత కష్టమైనా చెప్పండి. అందుతాడనిపిస్తే టికెట్ తీయండి, కారు పంపండి, ఫ్రీజర్ తెప్పించండి. కానీ అతను శంషాబాద్ బయట కారెక్కి ఫోన్ చేసేదాకా ఆ వాకిట్లో ఏ సమయమూ చెప్పకండి.